కినుకశాస్త్రంలో ఎమ్మెస్

మా మేనల్లుడు కినీసియాలజీలో ఎమ్మెస్ చేస్తానని ప్రకటించిన సాయంత్రం సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో కరెంటు పోయింది. చీకట్లో మా బావకు ఆ మాట సగమే వినపడింది. "ఎవడ్రా కినిసింది?" అన్నాడు. తెలుగు మీడియం మనిషి. బడిలో బట్టీ పట్టిన పద్యాల పుణ్యమా అని, కినిసి అంటే కోపగించి అని ఆయనకింకా గుర్తుంది. మాట పూర్తిగా విన్నాక ఆయనే కినిసాడు. ఆ లెక్కన మా ఇంటివరకు ఆ శాస్త్రానికి పేరు సరిగ్గానే కుదిరింది.

"ఏం చదువురా అది?"

"మనిషి ఎట్ల కదుల్తడో చదువుడు డాడీ."

"కదిలేటోడు కదుల్తనే ఉన్నడు గద. దానికి చదువెందుకు?"

ఈ ప్రశ్న ఆయన దివాన్ మీంచి కదలకుండా వేశాడని మనవి. రైల్వేలో 30 ఏళ్లు కుర్చీకి సేవ చేసి రిటైరైన మనిషి. స్టేషన్ మా గల్లీకి సీటీ ఊదితే వినపడేంత దూరం. అయినా డ్యూటీకి స్కూటరు మీదే పోయేవాడు. ఇప్పుడు రెండు మోకాళ్లూ అరిగాయి, నడుం పట్టేస్తుంది, షుగరుంది. కూతురు కొనిచ్చిన స్మార్ట్ వాచీలో మాత్రం రోజుకు 10,000 అడుగులు పడతాయి. టీవీ ముందు కూర్చుని చెయ్యి ఊపినా వాచీ నమ్ముతుందని ఆయన కనిపెట్టాడు. అసలా పదివేల అంకె వైద్యశాస్త్రం లెక్కగట్టి ఇచ్చింది కాదని, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరొకటి అమ్ముకోవడానికి దానికి మన్‌పో-కే, అంటే పదివేల అడుగుల మీటరు, అని పేరు పెట్టారని మేనల్లుడు చెప్పాడు. "అంటే ఇన్ని దినాలు నన్ను మోసం జేసిన్రన్నట్టు" అని బావ చెయ్యి ఊపడం కూడా మానేశాడు. ఉన్న ఒక్క వ్యాయామమూ పోయింది.

వాడు మొదట అడిగింది అమెరికా కాదు. మెకానికల్‌లో బీటెక్ అయ్యాక (వాడు చదివాడు అనడం కంటే వాడితో చదివించారు అనాలి) బీపీఈడీ చేస్తానన్నాడు. డిగ్రీ మీద రెండేళ్లు బీపీఈడీ, ఆపైన రెండేళ్లు ఎంపీఈడీ. పీఈసెట్ రాయాలి. రాయడమన్నది మాటవరసకే, పరుగెత్తాలి, దూకాలి, ఇనపగుండు విసరాలి. మా అక్క మూడు రోజులు అన్నం ముట్టలేదు. "బీటెక్ చదివిపిచ్చింది బడిల సీటీ ఊదనికా?" అని ఒకటే ఏడుపు. గల్లీలో ఎవరింట్లోనైనా పెళ్లిచూపులుంటే వాడిని మేడ మీదికి పంపేసేవారు, అంటువ్యాధి ఉన్నవాడిలాగా.

ఏడాది తిరిగింది. అదే కొడుకు, అవే ఎముకలు, అవే కీళ్లు. కాకపోతే ఈసారి చదువు పేరు కినీసియాలజీ, ముందు ఎమ్మెస్ అనే రెండక్షరాలు, వెనక అమెరికా. మూడు రోజులు పస్తున్న అక్కే గల్లీ మొత్తానికి మైసూర్‌పాక్ పంచింది. బీపీఈడీ సిలబస్‌లోనే కినీసియాలజీ, బయోమెకానిక్స్ అని నిలువెత్తు పేపరుందని చెప్పబోయాను. "నీకు మంచి ముచ్చట అస్సలు ఒద్దు తమ్మీ" అని నా చేతిలో కూడా ఒక మైసూర్‌పాక్ పెట్టి నోరు మూయించింది.

ఈ పేరు మహిమ ముందు కనిపెట్టింది అమెరికావాళ్లే లెండి. అక్కడా ఒకప్పుడు దీన్ని ఫిజికల్ ఎడ్యుకేషన్ అనే అనేవారు. యూనివర్సిటీ క్యాంటీన్లో ఫిజిక్సు ప్రొఫెసరు పక్కన బంతి పట్టుకుని కూర్చోవాలంటే వాళ్లకూ సిగ్గే. 1964లో బర్క్‌లీ ప్రొఫెసర్ ఫ్రాంక్లిన్ హెన్రీ, ఇది పిల్లల్ని ఆడించే పని మాత్రమే కాదు, స్వతంత్రమైన విద్యాశాఖ అని వ్యాసం రాశాడు. 1989లో అక్కడి వ్యాయామ విద్యా పండితుల అకాడమీ కూర్చుని, శాఖ పేరు కినీసియాలజీ అయితే బాగుంటుందని తేల్చింది. గ్రీకులో కినేసిస్ అంటే కదలిక. ఒక్కొక్క యూనివర్సిటీలో బోర్డు మారింది. సీటీ జేబులోకి పోయింది, మెడలోకి ఐడీ కార్డు వచ్చింది.

మనవాళ్లకు ఈ చిట్కా తట్టలేదు. మనమూ పేర్లు మార్చాం: డ్రిల్లు మాస్టారును పీటీ సారన్నాం, పీటీ సారును పీఈటీ అన్నాం, కాలేజీలో ఉంటే ఫిజికల్ డైరెక్టర్ అని పెద్ద కుర్చీ పేరిచ్చాం. ఏ పేరు పెట్టినా ఆయన ఆగస్టు 15న జెండా తాడుకు ముడేసే సారే, జనవరి 26న ఆ ముడి సరిగ్గా విడిందని ఊపిరి పీల్చుకునే సారే. మిగతా రోజుల్లో ఏ టీచరు రాకపోతే ఆ క్లాసుకు కాపలా. ఆయనకని టైంటేబుల్లో ఉన్నవి వారానికి రెండు పీరియడ్లు. ఒకటి పోర్షన్ కాలేదని లెక్కల సారు అడుక్కుంటాడు. రెండోది సైన్సు టీచరు అడక్కుండానే తీసుకుంటుంది. మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడానికి, గుండె కాస్త గట్టిగా కొట్టుకునే పీరియడే కావాలి వాళ్లకు.

2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసుంది. రాసుంది అంతే. మా చుట్టుపక్కల కొన్ని బడుల ఆటస్థలం పొద్దున ప్రేయరు, పగలు బస్సులు, రాత్రి పెళ్లి విందు. ఇంటర్ కాలేజీల సంగతి సరేసరి. అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు. పిల్లలు చేసే వ్యాయామమల్లా మెట్లెక్కడం. అదైనా యాజమాన్యం ఉద్దేశించింది కాదు, లిఫ్టు స్టాఫుకు మాత్రమే కాబట్టి. అలా 18 ఏళ్లు కూర్చోబెట్టి, ఆపైన సాఫ్ట్‌వేర్‌లో ఇంకో 30 ఏళ్లు కూర్చోబెట్టి, ఆఖరికి మోకాళ్లు మార్పిస్తాం. కదలిక మీద చదువుకు మన దగ్గర గిరాకీ లేదని ఎవరన్నారు? కాకపోతే అది ఆపరేషన్ థియేటర్ దగ్గర మొదలవుతుంది.

ఇదంతా ఎక్కడ జరుగుతోందో కూడా చూడాలి. రెజిమెంటల్ బజార్. పేరులోనే పటాలముంది. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊరు దండు విడిసిన చోటు. లష్కర్ అని ఊరికే అనరు. మన బళ్లలోకి డ్రిల్లన్న మాట దిగింది ఇలాంటి దండుల్లోంచే. పట్టాలకు అవతలి పక్క బోయిగూడ. పల్లకీలు మోసిన బోయీలు ఆ పేరులోనే ఉన్నారు. ఏటా ఆషాఢంలో ఊరు ఊరంతా ఊగిపోయే లష్కర్ బోనాల కథ మొదలైంది కూడా ఒక డోలీ మోసే మనిషితోనే. సురిటి అప్పయ్య పటాలంతో 1813లో ఉజ్జయిని పోయాడని, కలరా తగ్గితే ఇక్కడ అమ్మవారిని నిలుపుతానని మొక్కుకున్నాడని పేటలో ఎవరినడిగినా చెబుతారు. డోలీ మోయడమంటే తమాషా కాదు. ముందువాడి కుడికాలు, వెనకవాడి కుడికాలు ఒకేసారి పడితే కర్ర ఊగుతుంది, లోపలి రోగికి ఉన్న ప్రాణం కాస్తా పైకొస్తుంది. అడుగు తప్పించి నడవాలి. స్ట్రెచర్ మోసేవాళ్లకు ఇప్పటికీ నేర్పేది అదే. మరి ఉజ్జయినీ మహంకాళి గుడి మూలపురుషుణ్ని కినీసియాలజిస్టు అంటే తప్పేముంది? అనరు. ఆయనకు అమెరికా యూనివర్సిటీ నుంచి ఐ-20 కాగితం రాలేదు.

ప్రవేశానికి వ్యాసం రాయాలి కదా, దానికోసం మావాడు ఒక తెల్లవారుజామున స్టేషన్‌కు పోయి ఒక కూలీని ఫోన్లో వీడియో తీసుకొచ్చాడు. ఎర్రచొక్కా, చేతికి ఇత్తడి బిల్లా, వయసు 60కి అటో ఇటో. ఆ వీడియో నేను పదిసార్లు చూశాను. తువ్వాలును మెలితిప్పి చుట్టబట్ట చేసి నెత్తిన పెట్టుకున్నాడు. గొంతుకూర్చున్నాడు. నడుం వంగలేదు, మోకాళ్లే వంగాయి. సూట్‌కేసు ముందు తొడ మీదికొచ్చింది, తొడ మీంచి భుజానికి, భుజం మీంచి నెత్తికి. మూడు మజిలీలు, ఎక్కడా కుదుపు లేదు. లేచాక ఒక్క క్షణం ఆగాడు, మెడ మీద బరువు ఎక్కడ నిలిచిందో చూసుకున్నట్టు. తరవాత చిన్న చిన్న అడుగులు, నేలను రాసుకుంటూ, తల నీటికుండలా కదలకుండా. రెండో సూట్‌కేసు చేతిలో. వెనక ఆ రెంటి సొంతదారు, చేతిలో కాఫీ కప్పుతో, ఆయాసపడుతూ.

మావాడు ఆ వీడియో పక్కన రెండు పరిశోధనలు పెట్టాడు. తూర్పు ఆఫ్రికాలో నెత్తిన మోత మోసే ఆడవాళ్లు తమ ఒంటి బరువులో 20 శాతం దాకా ఎత్తుకుని నడిచినా వాళ్లకు అదనంగా శక్తి ఖర్చు కావడం లేదని 1986లో నేచర్ పత్రికలో వచ్చింది. శాస్త్రవేత్తలు నోరెళ్లబెట్టారు. 2005లో సైన్స్ పత్రికలో నేపాల్ కూలీల మీద వచ్చింది: మగవాళ్లు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం మోస్తూ కొండలెక్కుతున్నారు. సికింద్రాబాద్ కూలీని ఎవరు కొలిచారు, నేను కొలుస్తా అని మావాడి ఆలోచన. నా మేనల్లుడని చెప్పడం కాదు గాని, మంచి ఆలోచన. వీడియో అయ్యాక ఆ పెద్దమనిషి ఎంతిస్తావన్నాడట. "చదువు కోసం తాతా" అన్నాడట వీడు. "చదువైతేంది బిడ్డా, బరువు బరువే గద" అన్నాడట ఆయన. 200 ఇచ్చి వచ్చాడు. ఇన్నేళ్లలో కదలిక మీద వాడు కట్టిన మొట్టమొదటి ఫీజు అదే, రసీదు లేదు.

ఆ వ్యాసాన్ని అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ సరిదిద్దింది. కూలీల గురించి రాస్తే యూనివర్సిటీ వాళ్లు మనల్ని బీదవాళ్లనుకుంటారని కూలీని తీసేశారు. వాడు రాసిన బోయీలను కూడా తీసేశారు. బదులుగా, చిన్నప్పుడు తన అమ్మమ్మ జారిపడి తుంటి విరిగి మంచాన పడిందని, ఆమె మళ్లీ నడవాలని తను కన్న కలే ఈ చదువుకు దారితీసిందని ఒక పేరా అతికించారు. సదరు అమ్మమ్మ మా అమ్మ. ఆమె రోజుకు మూడుసార్లు మేడెక్కి వడియాలు తిరగేస్తుంది. తన తుంటి విరిగిందని అమెరికాలో ఐదు యూనివర్సిటీలకు తెలుసని ఆమెకింకా తెలియదు.

అసలు జ్ఞానోదయం కోడు దగ్గర అయింది. అమెరికాలో ప్రతి కోర్సుకూ ప్రభుత్వం ఒక అంకె ఇస్తుంది. ఎక్సర్‌సైజ్ సైన్స్ అండ్ కినీసియాలజీ అయితే 31.0505. అది పార్కులు, వినోదం, తీరిక కాలక్షేపం ఉన్న గుంపు. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ అండ్ కినీసియాలజీ అయితే 26.0908. అది జీవశాస్త్రాల గుంపు. ఆ తొడ కండరం, ఆ ట్రెడ్‌మిల్, ఆ ముఖానికి తగిలించి ఆక్సిజన్ కొలిచే గొట్టం దాదాపు అవే. తేడా ఎక్కడంటే, 26 గుంపు సైన్సు, టెక్నాలజీ చదువుల స్టెమ్ జాబితాలో ఉంది. చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే 12 నెలల ఓపీటీ మీద ఇంకో 24 నెలలు కలుస్తాయి. 31 వాడికి 12 నెలలతో సరి. మా బావ దివాన్ మీంచి లేచి కూర్చున్నది అప్పుడే. కండరం ఎలా ముడుచుకుంటుందో ఆయనకు అక్కర్లేదు, కోడు 26తో మొదలవుతుందా లేదా అన్నదొక్కటే. గల్లీలో ఇప్పుడు అందరూ దీన్ని ఇరవయ్యారు కోర్సు అంటున్నారు. కినీసియాలజీ అని నోరు తిరగని వాళ్లందరికీ పెద్ద ఉపశమనం.

ఎంత అప్పు చేశారో రాస్తే అక్క నాతో మాట్లాడదు.

అడిగినవాళ్లకు అమెరికాలో ఫిజియో అవుతాడని చెప్పుకుంటోంది. కాడు. అక్కడ ఫిజికల్ థెరపిస్టు కావాలంటే డీపీటీ అనే డాక్టరేటు చదవాలి, ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లైసెన్సు తెచ్చుకోవాలి. ఈ ఎమ్మెస్‌తో ఆ బోర్డు కట్టుకోలేడు. జట్లకు కండబలం పెంచే కోచ్ కావచ్చు, గుండె ఆపరేషన్ అయినవాళ్లచేత జాగ్రత్తగా వ్యాయామం చేయించే క్లినిక్కులో చేరొచ్చు, బూట్ల కంపెనీ ప్రయోగశాలలో జనం అడుగులు కొలవొచ్చు, పరిశోధన చేయొచ్చు. అన్నీ మంచి పనులే. పెళ్లిచూపుల్లో చెప్పడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. అందుకని సంబంధాల వాట్సాప్ గ్రూపులో పెట్టిన బయోడేటాలో చదువు దగ్గర ఎమ్మెస్, యూఎస్ఏ అని రాసి చుక్క పెట్టారు. సబ్జెక్టు అడిగితే హెల్త్‌కేర్ సైడని చెప్పమని నాకు విడిగా ఫోన్.

వాడు మాత్రం తన లోకంలో ఉన్నాడు. మోండా మార్కెట్ నుంచి అక్క సంచి మోసుకొస్తుంటే ఆపి, 1680లో ఇటలీ పండితుడు బొరెల్లి పుస్తకం అచ్చయిన కథ ఎత్తుకున్నాడు. ఒంట్లో ఎముకలు మీటల్లాంటివని, కండరం కీలుకు మరీ దగ్గరగా అతుక్కుని ఉంటుంది కాబట్టి చేతిలో బరువు కంటే ఎన్నో రెట్లు లాగాల్సి వస్తుందని ఆయన లెక్కగట్టాడు. "మోచెయ్యి వంచి 5 కిలోల సంచి పట్టుకున్నవనుకో మమ్మీ, నీ కండరం 35 కిలోలకు పైనే గుంజుతది." అక్క శ్రద్ధగా విని సంచి వాడి చేతికిచ్చింది. బొరెల్లి గురించి మా ఇంట్లో జరిగిన ఏకైక ప్రయోగం ఇది.

మా గల్లీ చివర ఒక రిటైరైన పీటీ సారున్నారు. మావాడికి బంతి తన్నడం నేర్పింది ఆయనే. ఇంటర్‌లో దాన్ని మాన్పించింది మేము. ప్రయాణం ఖాయమయ్యాక కాళ్లకు దండం పెట్టి రమ్మని పంపితే, నేనూ వెంట వెళ్లాను. ఆయన సిలబస్ కాగితం తీసుకుని కళ్లద్దాలు పైకి జరిపి చదివారు. అనాటమీ, బయోమెకానిక్స్, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, మోటార్ లెర్నింగ్. ఒక్కోదానికీ తలూపారు, పాత దోస్తుల పేర్లు వింటున్నట్టు. "మంచిగున్నది బిడ్డా. మేం గూడ ఇవే చదివినం. చెప్పనికి గ్రౌండు ఇయ్యలే" అన్నారు. కినుక లేకుండానే అన్నారు. అది మా బావ దగ్గర చూసిన కినుక కంటే నాకు ఎక్కువ తగిలింది.

తరవాత ఆయన రహీమ్ సాబ్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. మొదలుపెడితే ఆపరు, ఆపకూడదు కూడా. సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ బడిపంతులు. ఉస్మానియాలో డిగ్రీ, ఆమీద వ్యాయామ విద్యలో డిప్లొమా. ఇప్పుడు మా అక్క ఏడ్చి ఆపించిన చదువు అన్నమాట. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. ఆయన కోచ్‌గా దేశం 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచింది, నడుమ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ పిల్లవాడే. 1963లో రహీమ్ పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో దేశానికి మళ్లీ స్వర్ణం ముఖం కనపడలేదు. 2024లో అజయ్ దేవగణ్ మైదాన్ సినిమాలో ఆ వేషం వేస్తే, హైదరాబాద్‌లో చాలామందికి ఆయన హైదరాబాదీ అని అప్పుడు తెలిసింది.

"ఇప్పుడుంటే రహీమ్ సాబ్‌కు పిల్లనిస్తరా మీ అక్క?" అని పీటీ సారు నన్నడిగారు. నేను టీ తాగుతున్నాను కనుక జవాబు చెప్పే అవసరం రాలేదు.

లేచేటప్పుడు ఆయన మేజా సొరుగు లాగి తన సీటీ తీసి మావాడికిచ్చారు. ఇత్తడిది. ఊదీ ఊదీ నోటి దగ్గర పూత పోయి పసుపు తేలింది. వాడు దాన్ని చొక్కా జేబులో వేసుకుని, దారంతా పైనుంచి చేత్తో అదిమి పట్టుకుని నడిచాడు.

ప్రయాణం రోజు రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలకు మించకూడదు. కొక్కెం త్రాసుకు తగిలించి మా బావ చదువుతున్నాడు, అక్క సర్దుతోంది. మొదటిది 24న్నర. పచ్చళ్ల సీసాల జోలికి పోవద్దని అక్క ముందే తీర్పిచ్చింది కాబట్టి అనాటమీ పుస్తకం బయటికొచ్చింది. "అక్కడ లైబ్రరీల ఉంటది గద, గోంగూర ఉండది గద." రెండోది సరిగ్గా 23. అయినా ఆమె మళ్లీ జిప్పు తీసి, సాక్సు మడతలో చెయ్యిపెట్టి, సీటీ బయటికి లాగింది. దాని బరువెంతని? "బరువు కాదు తమ్మీ. అక్కడ మనోళ్లెవరన్న జూస్తే పీటీ సారు కొడుకనుకుంటరు" అంది. వాడు కాబ్‌లో సామాను పెట్టిస్తున్నాడు, చూడలేదు. పెట్టిస్తున్నాడంటే, డ్రైవరు ఎత్తుతుంటే మోకాళ్లు వంచమని చెబుతున్నాడు.

సీటీ ఇప్పుడు మా బావ దగ్గరుంది. గల్లీలో ఎవరైనా బండి అడ్డం పెడితే కిటికీలోంచి ఊదుతాడు. రెండోసారి ఊదేసరికి ఆయాసం వస్తోందట. మొన్న వీడియో కాల్‌లో కొడుకునడిగాడు. అది రెండో సెమిస్టర్‌లో ఉంది డాడీ, జనవరిలో చెప్తా అన్నాడు వాడు.